ఫోన్‌లో ఆప్ ‘కాదు’ అంటే ఎవరినడగాలి? మన జిల్లాల సాఫ్ట్‌వేర్ పిల్లలకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నా, ఊరేదని అడిగితే వరంగల్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్, నిజామాబాద్ అని చెప్పుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్తే.

నేను పరకాలలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాను. జిరాక్స్, ఫొటోలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాన్ కార్డులు, బస్సు టికెట్లు, ఏది వస్తే అది. మీలో కొందరు ఎంసెట్ వెబ్ ఆప్షన్లు నా సిస్టం ముందు కూర్చుని పెట్టుకున్నవాళ్లే, వెనకాల మీ నాన్న నిలబడి ‘సీఎస్ఈనే పెట్టు బిడ్డా, వేరేది వద్దు’ అంటుంటే. ఆ చనువుతోనే రాస్తున్నా.

కలెక్టర్‌కో మంత్రికో రాయాల్సింది మాకెందుకు రాస్తున్నావని మీరు అడుగుతారు. సోమవారం ప్రజావాణిలో ఇచ్చే దరఖాస్తులు మా దగ్గర చాలామందికి నేనే రాసి పెడతాను. వాళ్లకు వచ్చే జవాబు కూడా నాకు నోటికొచ్చు: ‘సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆప్షన్ లేదమ్మా, మేమేం చేయలేం.’ ఆఫీసు మారినా మాట మారదు. ఇదివరకు ‘పైనుంచి ఆర్డర్ రాలేదు’ అనేవాళ్లు. అప్పుడు పైన ఎవరో ఒక మనిషి ఉన్నాడనైనా తెలిసేది, తిట్టుకుంటూనో బతిమాలుకుంటూనో వెతుక్కుంటూ పోయేవాళ్లం. ఇప్పుడు పైన సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని రాసేవాళ్లలో మా ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లు బోలెడంత మంది ఉన్నారు కాబట్టి అడగాల్సింది మిమ్మల్నే అనిపించింది.

పత్తి సీజన్‌లో మీరు నా షాపు ముందు ఒక పూట నిలబడి చూడాలి. మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే ఫోన్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. పొడుగు పింజ పత్తికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, ఊళ్లోకి వచ్చి కొనే వ్యాపారి చెప్పే రేటు దానికన్నా బాగా తక్కువ, కాబట్టి స్లాట్ దొరకడం అంటే చిన్న విషయం కాదు. స్లాట్ కావాలంటే ఓటీపీ రావాలి. ఓటీపీ ఆధార్‌కు లింకైన నంబరుకు పోతుంది. ఆ నంబరు ఎప్పుడో కొడుకు తీసిచ్చిన సిమ్ అయి ఉంటుంది, కొడుకు ఇప్పుడు దుబాయ్‌లో డ్యూటీలో ఉంటాడు, ఫోన్ ఎత్తడు, ఎత్తి ఆ అంకెలు చెప్పేసరికి టైం అయిపోతుంది, మళ్లీ మొదటికి. అది దాటితే పేరు. భూమి పాస్‌బుక్‌లో పేరు, ఆధార్‌లో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో మన దగ్గర ఎన్ని రకాలుగా రాస్తారో మీకు నేను చెప్పాలా? ఒక కార్డులో కే ఎస్ హెచ్, ఇంకోదాంట్లో ఎక్స్, మూడోదాంట్లో చివర ఐ బదులు రెండు ఈలు. ఆ స్పెల్లింగులు పెట్టుకున్నది ఆమె కాదు, ఆమెకు ఇంగ్లీషే రాదు. నాలాంటి ఆపరేటర్ ఎవరో వెనక లైన్ చూసి తొందరలో కొట్టేశాడు. ఆప్ మాత్రం వివరాలు సరిపోలలేదని ఎర్ర అక్షరాల్లో ఒక లైను చూపించి ఆగిపోతుంది, అది కూడా ఇంగ్లీషులో. ఏ వివరం సరిపోలలేదు, ఎక్కడ సరిచేసుకోవాలి, ఎవరిని కలవాలి, ఒక్క ముక్క ఉండదు.

ఇక కౌలు రైతు గోస వేరు. పాస్‌బుక్ పట్టాదారు పేరు మీద ఉంటుంది, ఆ పట్టాదారు హైదరాబాద్‌లోనో మీ పక్క అపార్ట్‌మెంట్‌లోనో ఉంటాడు. విత్తనం పెట్టింది, మందు కొట్టింది, ఏరించింది కౌలుదారు. ‘చేన్ల నేనుంటి, అప్పు నా పేరు మీద ఉండె, మరి ఫోన్ల నేనెందుకు లేనే?’ అని ఒకాయన నన్ను అడిగాడు. ఏం చెప్పాలి? ఫారంలో ఆయన పేరు రాయడానికి చోటు లేదు.

ఈ చోటు లేకపోవడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది మీ పనికి దగ్గరి విషయం. పాత పహాణీలో, అంటే ఊరి భూమి రికార్డులో, పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్, అంటే భూమిని సాగు చేస్తున్న మనిషి పేరుకు చోటు ఉండేది. 2020 అక్టోబర్ 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ మొదలయ్యేసరికి అది లేదు. దాని మీద ఎంత రాజకీయం నడిచిందో అందరికీ తెలుసు, నేను మళ్లీ తవ్వను. మీ భాషలో చూస్తే ఒక టేబుల్‌లోంచి ఒక ఫీల్డ్ తీసేశారు. నిర్ణయం పైవాళ్లది, సరే. కానీ ఆ ఒక్క ఫీల్డ్‌తో పాటు ఎంతమంది రికార్డులోంచి లేచిపోతారో డేటాబేస్ ముందు కూర్చున్నవాళ్లకు కనిపించినంత బాగా మంత్రికి కనిపించదు. తర్వాత 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, అందులో పొరపాటు జరిగితే ఆర్డీఓకు, కలెక్టర్‌కు అప్పీలు చేసుకునే దారిని చట్టంలోనే రాశారు. రికార్డు తప్పైతే అడగడానికి ఒక మనిషి ఉండాలన్న మామూలు సంగతికి కొత్త చట్టం దాకా పోవాల్సి వచ్చిందన్నమాట.

నేను కంప్యూటర్లు వద్దనేవాణ్ని కాదు. కంప్యూటర్ మీదే నా అన్నం. పైగా మీ ఆప్‌లు అర్థం కాకపోతేనే నా షాపు నడుస్తుంది, ఆ లెక్కన మీకు దండ వేయాలి. ఒక పహాణీ నకలు కోసం ఆఫీసు చుట్టూ రోజుల తరబడి తిరిగి, చేయి తడిపి తెచ్చుకున్న కాలం నాకు బాగా గుర్తుంది, ఆ కాలం మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలుపెట్టినప్పుడు చెక్కులు ఇచ్చారు, ఆ తర్వాత డబ్బులు నేరుగా ఖాతాలోకి వచ్చాయి, మధ్యలో ఎవడికీ చాయ్ తాగించాల్సిన పని లేకుండా. మార్కెట్లను ఆన్‌లైన్‌లో కలిపే ఈ-నామ్‌ను 2016 ఏప్రిల్‌లో మొదలుపెట్టినప్పుడు తొలి విడత మార్కెట్లలోనే నిజామాబాద్, వరంగల్ ఉన్నాయి. ఇవన్నీ మేలే. నా గొడవంతా ఒక్కదాని మీద: మెషిన్ ‘అవును’ అన్నప్పుడు అంతా బాగుంటుంది, ‘కాదు’ అన్నప్పుడు ఆ తర్వాత ఏం చేయాలో ఎవరూ రాయడం లేదు.

మీరు ఈ లోకంలోకి ఎట్లా పోయారో ఒకసారి గుర్తు చేసుకోండి. 1959 అక్టోబర్‌లో నెహ్రూ వచ్చి వరంగల్‌లో శంకుస్థాపన చేసిన ఆర్ఈసీ దేశంలో మొట్టమొదటి ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ, అదే ఇప్పటి నిట్. 1991లో కేంద్రం సాఫ్ట్‌వేర్ పార్కులు పెట్టి ఉపగ్రహ లింకు ఇచ్చింది కాబట్టి ఇక్కడ రాసిన కోడ్ ఓడ ఎక్కకుండా, విమానం ఎక్కకుండా అమెరికా చేరింది. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది, 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచారు, ఆ వెంటనే వైటూకే భయం, సంవత్సరాన్ని రెండు అంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములన్నీ దిద్దాలని ప్రపంచం కంగారు పడుతుంటే మన పిల్లలు బ్యాగులు సర్దుకున్నారు. అక్కడ రాత్రి అయితే ఇక్కడ పగలు, ఆ తేడానే మనకు ఉద్యోగమైంది. 2020 జనవరిలో వరంగల్ పక్కన మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ క్యాంపస్‌లు తెరిచినప్పుడు మా దగ్గర పండగ వాతావరణం. ఇంటికొకరు సాఫ్ట్‌వేర్ అయిన ఊళ్లు ఉన్నాయి, ఆ ఇళ్ల మీద లేచిన అంతస్తులు చూస్తే తెలుస్తుంది.

అయితే ఆ లింకు మీద వచ్చేవన్నీ జీతాలే కావు. న్యూయార్క్‌లో పత్తి రేటు పడితే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అదే సీజన్‌లో తెలుస్తుంది. 2025 ఆగస్టులో పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని ఆ ఏడాది చివరిదాకా ఎత్తేస్తే ఇక్కడ రైతు గుండె జారింది. నెల తిరిగేసరికి కొత్త హెచ్1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజని అమెరికా ప్రకటించింది, ఆ రాత్రి హనుమకొండలో ఎన్ని ఇళ్లలో టెన్షన్‌తో లైట్లు ఆర్పలేదో. అంటే రైతు కొడుక్కూ, వాళ్ల నాన్నకూ ఇద్దరికీ దూరంగా ఎక్కడో తీసుకున్న నిర్ణయమే తగులుతోంది. మరో పక్క ‘డేటా ఎంట్రీ ఉద్యోగం’ అన్న ప్రకటన నమ్మి కంబోడియా, మయన్మార్ పోయి, సైబర్ మోసాల గోడౌన్లలో చిక్కుకుని, పాస్‌పోర్టు లాక్కుంటే తిరిగి రాలేక ఏడ్చిన తెలంగాణ కుర్రాళ్లున్నారు. వాళ్లను కూడా అక్కడికి పంపింది ఫోన్‌లో వచ్చిన ఒక మెసేజే.

ఇంటర్నెట్ అందరికీ వచ్చేసిందని మీరనుకుంటారు, ఎందుకంటే మీ చుట్టూ ఉన్నవాళ్లందరికీ వచ్చింది. అంతర్జాతీయ టెలికాం యూనియన్ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఇంకా 260 కోట్ల మంది ఇంటర్నెట్‌కు బయటే ఉన్నారు. అంత దూరం వద్దు, 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: తెలంగాణలో ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు 26.5 శాతం, మగవాళ్లు 57.4 శాతం. ఇప్పుడు పెరిగే ఉంటారు, ఫోన్లు కూడా పెరిగాయి. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, ఆ ఫోన్ ఆమె చేతిలో ఉండటం వేరు, చేతిలో ఉన్నా అందులో ఓటీపీ చదివి తప్పులేకుండా కొట్టగలగడం మళ్లీ వేరు. మిషన్ భగీరథ పైపుల వెంట ఫైబర్ వేస్తామని ఏళ్ల నుంచి వింటున్నాం. 2024 డిసెంబర్‌లో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ లాంటి కొన్ని ఊళ్లలో ప్రయోగంగా ఇచ్చారు, మంచిదే. ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో మాత్రం సిగ్నల్ దొరికే చెట్టు ఏదో గూడెంలో పిల్లలకు కూడా తెలుసు.

భాష సంగతి కూడా అంతే. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టికలో, చోటు వచ్చింది. ఎక్కడో కాలిఫోర్నియాలో ఉన్న సంస్థ మన అడవిలోని అక్షరాలను గుర్తించింది, అది నిజంగా గొప్ప విషయం. గోండిలో నింపే ప్రభుత్వ ఫారం ఒక్కటి కూడా ఇంతవరకు నా కంట పడలేదు. గోండి దాకా ఎందుకు, తెలుగులో సరిగ్గా పనిచేసే ఫారం చూసి ఎన్నాళ్లైందో.

నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి మా దగ్గరికి పెళ్లయి వచ్చిన అవ్వలు ఉన్నారు, ముప్పై నలభై ఏళ్లు బీడీలు చుట్టినవాళ్లు. వాళ్ల వేళ్ల మీద గీతలు మిగల్లేదు, మెషిన్ మీద ముద్ర పడదు. సరే, ముఖం చూస్తామని ఇంకో ఆప్ వచ్చింది. అది కన్ను ఆర్పమంటుంది, బతికున్న మనిషేనా ఫొటోనా అని తెలుసుకోవడానికి. ‘కన్ను కొట్టవ్వా’ అంటే ఆమె నవ్వి సిగ్గుపడుతుంది, ‘మూసి తెరువు’ అంటే రెండు కళ్లూ గట్టిగా మూసుకుని నేను చెప్పేదాకా తెరవదు. శుక్లాల ఆపరేషన్ అయిన కన్నైతే ఇంకా తిప్పలు. టైం అవుట్. 2,016 రూపాయల పింఛన్ కోసం ఆమె బతికే ఉన్నానని ఒక కెమెరాను నమ్మించాలి. ఎదురుగా నేనున్నాను, పంచాయతీ కార్యదర్శి ఉన్నాడు, ఆమెను పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఎరిగిన మనిషి కూడా పక్కనే ఉన్నాడు, మా ఎవరి మాటా చెల్లదు.

ఇప్పుడు అసలు విషయం. మీలో యూరప్ క్లయింట్ల కోసం పనిచేసేవాళ్లకు జీడీపీఆర్ అంటే ఏంటో నాకన్నా బాగా తెలుసు. అది యూరప్ డేటా రక్షణ చట్టం, 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. అందులో 22వ అధికరణం ఏమంటుందంటే, ఒక మనిషి బతుకును గట్టిగా తాకే నిర్ణయాన్ని కంప్యూటర్ ఒక్కటే తీసుకుంటే దానికి కట్టుబడాల్సిన పని లేదు, కొన్ని మినహాయింపులు ఉన్నా అక్కడ కూడా మధ్యలో ఒక మనిషి కలగజేసుకోవాలని అడిగే హక్కు ఉంటుంది. జర్మనీలో ఒకాయనకు ఆన్‌లైన్‌లో లోన్ కాదంటే, ఎవరైనా మనిషి మళ్లీ చూడండని అడగొచ్చు. ఆ బటన్ రాసేది ఎవరు? గచ్చిబౌలిలో మీరే. 2025 జూన్ 28 నుంచి యూరప్‌లో యాక్సెసిబిలిటీ చట్టం అమలైంది, కళ్లు సరిగా కనపడనివాళ్లకు, చేతులు వణికేవాళ్లకు కూడా ఆన్‌లైన్ షాపు, బ్యాంకు ఆప్ పనిచేయాలని. దానికోసం మీరు నెలల తరబడి టెస్టింగ్ చేసి ఇచ్చారు, బటన్ ఎంత పెద్దగా ఉండాలో, రంగు ఎంత ముదురుగా ఉండాలో కొలిచి మరీ. అంటే మీకు రాదని కాదు, తెలియదని కాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న ముసలాయనకు ఇచ్చినదాన్ని పరకాల అవ్వకు ఇవ్వడం లేదు, ఎందుకంటే అక్కడ ఇవ్వకపోతే జరిమానా పడుతుంది, ఇక్కడ పడదు.

మన 2023 డేటా రక్షణ చట్టం చదివాను, అందులో మెషిన్ తీసుకున్న నిర్ణయం మీద మనిషిని అడిగే హక్కు అనే మాటే లేదు. అయితే మన సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఒక తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడిలో ముఖం దెబ్బతిన్నవాళ్లు, చూపు లేనివాళ్లు ఈ-కేవైసీ అనే ఆన్‌లైన్ గుర్తింపు పరీక్షలో కన్ను ఆర్పలేక బ్యాంకు ఖాతా తెరవలేకపోతున్నామని వెళితే, డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని, అంటే రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని చెప్పింది. కన్ను ఆర్పే పరీక్ష గురించి దేశంలోనే పెద్ద కోర్టు మాట్లాడిందంటే ఇది నా షాపు ముందు జరిగే చిల్లర గొడవ కాదని మీకూ తెలియాలి.

మెషిన్ తప్పు చేయదని మీరు నాతో వాదించరు, రాసేవాళ్లు మీరే కాబట్టి. తప్పు చేయదని నమ్మేది ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లు. ఇంగ్లండ్‌లో పోస్టాఫీసుల కథ మీలో లండన్‌లో ఉన్నవాళ్లు వినే ఉంటారు. 1999లో హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు, ఫుజిట్సు కంపెనీది. లెక్కల్లో డబ్బు తక్కువ చూపించేది. చిన్న చిన్న పోస్టాఫీసులు నడుపుకునేవాళ్లు మేం తినలేదు మొర్రో అన్నా వినకుండా 900 మందికి పైగా దొంగలని శిక్షలు వేశారు, కొందరు జైలుకు పోయారు. అక్కడి కోర్టులు కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తుందని ముందే అనుకుంటాయి, కాదని నిరూపించుకోవాల్సింది ముద్దాయే. ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలు ఉన్నాయని, బయటి నుంచి వాళ్ల ఖాతాలు మార్చే వీలుందని కంపెనీలో తెలిసినవాళ్లు ఉన్నారు. చివరికి 2024లో పార్లమెంటు చట్టం చేసి ఆ శిక్షలు కొట్టేసింది, అప్పటికి కొందరు చచ్చిపోయారు కూడా. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని ఇంకోటి, ఏడాది సంపాదనను పదిహేను రోజుల ముక్కలుగా సమానంగా పంచేసి, నువ్వు ఫలానా పక్షంలో ఎక్కువ సంపాదించి కూడా భృతి తీసుకున్నావు, తిరిగి కట్టు అని పేదవాళ్లకు నోటీసులు పంపింది. ఏరుడు సీజన్‌లో రెండు నెలలు పని ఉండి మిగతా కాలం ఖాళీగా ఉండే మన కూలీలను అట్లా సగటు తీస్తే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి.

మన దగ్గర కూడా జరిగింది. సమగ్ర వేదిక అని, రకరకాల ప్రభుత్వ రికార్డులను కలిపి ఎవరు అర్హులో కాదో తేల్చే సాఫ్ట్‌వేర్. 2014 నుంచి 2019 దాకా తెలంగాణలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి, ఆ ఏరివేతలో దీన్ని వాడారు. రిక్షా తొక్కే ఒకాయన పేరు కారున్న ఇంకొకాయన పేరుతో కలిసిపోయి ఆ ఇంటికి బియ్యం ఆగిపోయాయి. నోటీసు కూడా లేదు. రద్దు చేసిన కార్డులన్నీ ఇంటికి వెళ్లి మళ్లీ చూడమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇక 2019 ఇంటర్ ఫలితాలు మీరు మర్చిపోయి ఉండరు, మీలో కొందరు ఆ బ్యాచే. మన వైపు ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, మళ్లీ చూస్తే 99. ఫెయిలైనవాళ్లందరి పేపర్లు ఉచితంగా మళ్లీ చూడాలని ప్రభుత్వం ఆదేశించేసరికి కొన్ని ఇళ్లలో పిల్లలు లేరు. దీని గురించి ఇంతకన్నా రాయలేను.

ఇంకొకటి గుర్తుందా? 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తప్పుగా పోయి ప్రపంచమంతా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం రంగు తిరిగాయి. ఆ రోజు శంషాబాద్‌లో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు, ఆ ఫొటో అందరూ షేర్ చేసి నవ్వుకున్నారు. నేను నవ్వలేదు, కుళ్లుకున్నాను. విమానం ఎక్కేవాడికి సర్వర్ పడిపోతే పెన్నూ కాగితం ఉన్నాయి, మనిషి ఉన్నాడు. పత్తి ట్రాక్టర్ మీద ఉన్నవాడికి సర్వర్ పడిపోతే రేపు రండి అంటారు, రేపటికి వాన పడి తేమ 12 శాతం దాటితే అసలు కొనరు.

మీరు చెప్పబోయేది కూడా నాకు తెలుసు. టెండర్ తక్కువ కోట్ చేసినవాళ్లకు పోతుంది, వాళ్లు ఇంకొకరికి సబ్ కాంట్రాక్ట్ ఇస్తారు, చివరికి మీ దగ్గరికి వచ్చేసరికి రెండు వారాల టైమూ ఒక టికెటూ మిగులుతుంది, రిక్వైర్‌మెంట్‌లో లేనిది మేమెట్లా పెడతాం, మేనేజర్ ఒప్పుకోడు, అప్రైజల్ పోతుంది. ఇప్పుడు ఏఐ వచ్చి ఉన్న ఉద్యోగమే ఉంటుందో ఊడుతుందో తెలియక మీరు నిద్రపోవడం లేదు. అంతా నిజం. మీ మీద పడే భారం తక్కువని నేను అనడం లేదు. అయినా నాకు తెలిసినంతలో మీటింగుల్లో మీరు బోలెడు ప్రశ్నలు అడుగుతారు: లోడ్ ఎంత, పాస్‌వర్డ్ తప్పు కొడితే ఏం కావాలి, పేమెంట్ మధ్యలో ఆగితే డబ్బు ఎటు పోవాలి. అదే ఊపులో ఇంకో ప్రశ్న అడగండి, ‘అర్హత ఉన్న మనిషిని మన సిస్టం కాదంటే ఆ మనిషి ఎవరి దగ్గరికి పోవాలి సార్?’ అని. ఆ ప్రశ్న మీటింగ్ మినిట్స్‌లో రాయించండి. రేపు ఏదైనా జరిగితే అదే మీకు కూడా రక్షణ.

బీటెక్‌లో ప్రొఫెషనల్ ఎథిక్స్ అనే సబ్జెక్ట్ చదివారు కదా, పరీక్షకు ముందురోజు ఆల్ ఇన్ వన్ కొని పాసైనది. నేను మా షాపులో ప్రింట్లు తీస్తూ తీస్తూ దాన్ని చదివాను, నవ్వకండి. కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం 1972 నుంచి ఒక నియమావళి పెట్టుకుంది, 2018లో దాన్ని కొత్తగా రాసుకున్నారు. కంప్యూటర్ పనిలో అందరి బాగోగులూ లెక్కలోకి వస్తాయని, ఒకరి మేలుకూ ఒకరి మేలుకూ పడనప్పుడు వెనకబడినవాళ్ల వైపు ఎక్కువ చూడాలని అందులో మొదటి సూత్రంలోనే ఉంది. నేను కొత్తగా పుట్టించి అడుగుతున్నదేమీ లేదు, మీ వృత్తి తనకు తాను రాసుకున్నదే అడుగుతున్నా.

నాకు కావాల్సినవి పెద్దవి కావు. రిజెక్ట్ చేస్తే ఎందుకో తెలుగులో ఒక వాక్యం రాయండి, గ్రాంథికం వద్దు, మీ అమ్మకు ఫోన్‌లో ఎట్లా చెబుతారో అట్లా. ఆ వాక్యం కింద ఒక అధికారి హోదా, ఆఫీసు, ఎన్ని రోజుల్లో జవాబు ఇవ్వాలో ఉండాలి, హెల్ప్‌లైన్ నంబరు పెట్టి చేతులు దులుపుకుంటే అది రింగ్ అవుతూనే ఉంటుంది. పేరు ఒక అక్షరం తేడా వస్తే తలుపు మూయకండి, స్పెల్లింగ్ తేడాలను పట్టుకునే పద్ధతులు మీ దగ్గర ఎన్నో ఉన్నాయి కదా, అమెరికా కస్టమర్ అడ్రస్ తప్పు కొడితే ‘మీ ఉద్దేశం ఇదేనా’ అని మర్యాదగా అడిగే ఆప్ రాసేది మీరే. వేలిముద్ర, ముఖం, ఓటీపీ మూడూ పోతే స్థానిక ఉద్యోగి తన పేరు మీద, తన బాధ్యత మీద సంతకం చేసి ముందుకు పంపే దారి ఒకటి పెట్టండి. దాన్ని దుర్వినియోగం చేస్తారంటారా, చేసినవాడి పేరు రికార్డులో ఉంటుంది, పట్టుకోండి. ఇంకా ఒకటుంది, ఎవరూ పట్టించుకోనిది: మీ డ్యాష్‌బోర్డులో ఎన్ని స్లాట్లు బుక్ అయ్యాయో లెక్క ఉంటుంది, మధ్యలో ఆగిపోయి వెనక్కి వెళ్లిపోయినవాళ్ల లెక్క కూడా మీ లాగ్‌లలో ఉంటుంది. అది బయటికి తీసి రిపోర్టులో పెట్టండి. కలెక్టర్ రివ్యూ మీటింగులో నూటికి తొంభై ఐదు విజయవంతం అని చూపిస్తే అందరూ చప్పట్లు కొడతారు, మిగతా ఐదుగురు ఆ రోజు ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియదు. వాళ్లు నా షాపుకు వచ్చారు.

సంక్రాంతికి మీరు ఎట్లాగూ ఊరికి వస్తారు. పత్తి అప్పటికీ ఇంకా ఉంటుంది, రెండో ఏరుడు మూడో ఏరుడు. మీలో ఎవరైనా ఇలాంటి ప్రభుత్వ ఆప్‌ల మీద పనిచేస్తుంటే, లేదా పనిచేసేవాళ్లను ఎరిగి ఉంటే, విడుదల చేయడానికి ముందు ఆ ఆప్‌ను ఇక్కడికి తెచ్చి నా కౌంటర్ దగ్గర ఒక పూట కూర్చోండి. టెస్టింగ్‌కు మనుషులు కావాలంటే నేను పిలుస్తాను, అవ్వలు, కౌలు రైతులు, తాడ్వాయి నుంచి వచ్చే కోయ కుటుంబాలు, బొటనవేలు అరిగిపోయినవాళ్లు, అందరూ ఉంటారు. కంపెనీ రూల్స్ ఒప్పుకోకపోతే మామూలుగా పక్కన కూర్చుని చూసి పోండి, అది చాలు. పొద్దున తొమ్మిదిలోపు రండి, ఆ తర్వాత లైన్ పెరుగుతుంది, మీకు కుర్చీ దొరకదు.

ఇట్లు
పరకాలలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే మీ అన్న